గిరగిర తిరిగే గిన్నె

పాలమీద మీగడ కట్టడం మనకి వింతగా తోచదు. రోజూ చూసేదే గదా! పాలు కాచి, కదపకుండా ఓ పక్కన పెడితే చాలు, కొవ్వు తనంతట తానే పైకొస్తుంది. మనం చెయ్యవలసిందల్లా ఆగడమే. మీగడ దాచి, తోడువేసి, నాలుగురోజులకోసారి చిలికి, వెన్నతీసి, నెయ్యి కాచుకోవడం – ఇందులో సగం పని మన చేతులు చేస్తే తక్కిన సగం కాలం చేస్తుంది.

ఆ ఆగడం దండగ అనుకున్నాడు ఒకాయన. పాలని ఓ గిన్నెలో పోసి గిరగిర తిప్పితే మీగడ నిమిషాల్లో వేరుపడుతుందని రుజువు చేశాడు. ఆయన చూసుకున్నది వెన్న వ్యాపారమే. కానీ ఆ గిన్నె వెన్న దగ్గర ఆగలేదు. గొర్రె ఒంటి జిడ్డులోంచి లేపనాలూ, చేప కార్జంలోంచి పిల్లల టానిక్కూ, సోయా నూనెలోంచి తిండి తినలేని రోగికి నరంలో ఎక్కించే ఆహారమూ రావడానికి అదే సాయపడింది. చరిత్ర పుస్తకాల్లో రాజులకీ యుద్ధాలకీ ఇచ్చినన్ని పేజీలు గిన్నెలకి ఇవ్వరు గనక, దాని కథ నేనిక్కడ చెప్పుకొస్తాను.

పాలలో కొవ్వు కరిగి ఉండదు. సన్నసన్నని బొట్లుగా తేలుతూ ఉంటుంది. ఎంత సన్నవంటే, ఒక మిల్లీమీటరుని వెయ్యి భాగాలు చేస్తే అందులో మూడు నాలుగు భాగాలంత. కొవ్వు నీళ్ళకంటే తేలిక గనక పైకి పోదామనే చూస్తుంది. కానీ అంత బుల్లి బొట్టుకి చుట్టూ ఉన్న పాలే పెద్ద అడ్డు. బొట్టు సైజు సగమైతే దాని నడక సగం కాదు, నాలుగో వంతుకి పడిపోతుంది. కేంబ్రిడ్జిలో ప్రొఫెసరుగా ఉండిన జార్జి స్టోక్స్ 1851లో కట్టిన లెక్కల్లోంచి వచ్చిన సంగతి ఇది. మీగడ ఎందుకంత నిదానమో చెప్పడానికి లెక్కల మాస్టారే కావలసివచ్చాడు!

యూరపులో పచ్చిపాలని వెడల్పాటి పళ్ళాల్లో పోసి, చల్లని గదుల్లో ఓ రోజు, ఒక్కొక్కప్పుడు రోజున్నర ఉంచేవారు. పైకి తేలిన మీగడని చిల్లుల గరిటెతో తీసేవారు. ఎండాకాలమైతే మీగడ తేలేలోపలే పాలు పులిసి కూర్చునేవి. ఈ పని అంతా ఆడవాళ్ళదే. స్వీడన్ దేశంలో పాలపనిలో ఆరితేరిన స్త్రీని 'మేయెర్‌స్కా' అనేవారు. గదిలో ఎంత చలి ఉండాలి, ఏ పళ్ళెంలో మీగడ ఎప్పుడు తియ్యాలి, చిలికేటప్పుడు వెన్న ఎప్పుడు పడుతుంది – అన్నీ ఆమెకి చేతి కొసల్లో ఉండేవి. మన అమ్మమ్మలు కవ్వం చప్పుడు మారగానే "వెన్న పడిందే, చన్నీళ్ళు పొయ్యి" అనేవారు చూడండి, అలాంటి విద్యే అదీ.

ఇక మన కథానాయకుడు. పేరు గుస్తాఫ్ డి లావల్. 1845లో స్వీడన్‌లో పుట్టాడు. ఉప్సాలా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు తెచ్చుకున్న ఇంజనీరు. ఒక ఇనుము కార్ఖానాలో ఉద్యోగం చేస్తూండగా 1877లో ఓ జర్మన్ పత్రికలో ఒక వార్త ఆయన కంటబడింది. లేఫెల్ట్ అనే జర్మన్ పాలని గిరగిర తిప్పి మీగడ తీసే యంత్రం చేశాడని. అయితే దానికో చిక్కుంది. ప్రతిసారీ యంత్రాన్ని ఆపాలి, మీగడ తియ్యాలి, మళ్ళీ పాలు పొయ్యాలి. ఆపకుండా తిరుగుతూనే ఒకపక్క పాలు తాగుతూ, ఇంకోపక్క మీగడనీ వెన్నతీసిన పాలనీ విడివిడిగా కక్కే గిన్నె కావాలనుకున్నాడు డి లావల్. 1878లో చేసి చూపించాడు. గంటకి 130 లీటర్ల పాలు పట్టేది ఆ తొలి యంత్రం.

తిప్పితే ఎలా వేరవుతాయంటారా? తిరునాళ్ళలో కుర్చీలు వేలాడే రంగులరాట్నం జోరందుకుంటే ఆ కుర్చీలు బయటికి బయటికి విసురుకుపోతాయి గదా. గిన్నెలో పాలకీ అంతే. బరువైనది అంచుకి పరుగెడుతుంది. తేలికైన కొవ్వు నడిమధ్య ఇరుసు దగ్గర పోగవుతుంది. పళ్ళెంలో ఉన్నప్పుడు కొవ్వుని పైకి తేల్చేది భూమి ఆకర్షణ ఒక్కటే. నిమిషానికి వేల చుట్లు తిరిగే గిన్నెలో దానికి కొన్ని వేల రెట్ల బలం పనిచేస్తుంది. అందుకే ఒకరోజు పని క్షణాల్లోకి దిగింది. దీన్నే సెంట్రిఫ్యూజ్ అంటారు. మన కవ్వం చేసే పని ఇది కాదు సుమండీ. కవ్వం కొవ్వుబొట్లని ఒకదానికొకటి కొట్టి, వాటి పైపొర చిట్లగొట్టి, ముద్ద కట్టిస్తుంది. ఈ గిన్నె దేన్నీ పగలగొట్టదు. ఎవరి చోటికి వాళ్ళని పంపిస్తుందంతే.

1883లో డి లావల్ ఈ యంత్రాలు చెయ్యడానికి ఆక్తిబొలాగెట్ సెపరేటర్ అనే కంపెనీ పెట్టాడు. ఈవేళ ప్రపంచమంతటా పేరున్న ఆల్ఫా లావల్ అదే. ఆ 'ఆల్ఫా' వెనక ఇంకో కథ ఉంది. 1888లో ఫాన్ బెక్టోల్స్‌హైమ్ అనే జర్మన్ గిన్నెలోపల గరాటుల్లాంటి పల్చని రేకులు ఒకదానిమీద ఒకటి పేర్చాడు, కొంచెం కొంచెం సందు ఉంచి. కొవ్వుబొట్టు గిన్నె అంతా ఈదక్కర్లేకుండా ఆ సందు దాటితే చాలు. పని ఎన్నోరెట్లు పెరిగింది. మరుసటేడాదే డి లావల్ కంపెనీ ఆ పేటెంటు కొనేసింది. ఈనాటికీ మందుల ఫాక్టరీల్లో, నూనె మిల్లుల్లో తిరిగే పెద్ద పెద్ద యంత్రాల కడుపులో ఉన్నవి ఆ రేకులే.

ఇక్కడ నాకు నవ్వూ వస్తుంది, కోపమూ వస్తుంది. ఇళ్ళల్లో చేత్తో తిప్పుకునే చిన్న సెపరేటర్లు కూడా వచ్చాయి. యూరప్, అమెరికాల్లో పల్లె పల్లెకీ పాకాయి. పాడి ఉన్న ఇల్లాలికి పెద్ద సదుపాయమని ప్రకటనలు వేశారు. పాలు పళ్ళాల్లో పొయ్యక్కర్లేదు, నిజమే. కానీ ఆ రేకులున్నాయే – ఒక్కో యంత్రంలో పదులకొద్దీ ఉంటాయి – వాటిని పాలు తీసిన ప్రతిపూటా విడదీసి, వేడినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, మళ్ళీ వరసతప్పకుండా పేర్చాలి. లేకపోతే కంపుకొడుతుంది. కనిపెట్టింది ఇద్దరు మగమహారాజులు. కడగడం మాత్రం ఆడవాళ్ళ వంతు.

అంతకంటే పెద్ద సంగతి ఇంకోటి జరిగింది. ఆవిరి యంత్రాలతో నడిచే డెయిరీలు వచ్చాక, తరాల తరబడి స్త్రీల చేతిలో ఉన్న పాలవిద్య మెల్లిగా జారిపోయింది. ఇరవయ్యో శతాబ్దం సగం గడిచేసరికి స్వీడన్ డెయిరీల్లో పెత్తనం మగవాళ్ళదయింది. వెన్న పడే చప్పుడు తెలిసిన మేయెర్‌స్కా ఆ భాషలో పాతమాటయిపోయింది. యంత్రం మేలుచేసిందా అంటే చేసింది. ఎవరికి అని అడిగితే మాత్రం జవాబు కాస్త ఆలోచించి చెప్పాలి.

డి లావల్ కూడా ఏం బావుకోలేదు. గిన్నెని ఇంకా జోరుగా తిప్పాలని ఆవిరి టర్బైను చేశాడు. దాని కోసం ఓ ప్రత్యేకమైన గొట్టం కనిపెట్టాడు. మధ్యలో సన్నబడి మళ్ళీ విచ్చుకునే ఆ గొట్టానికి ఆయన పేరే ఉంది. శ్రీహరికోట నుంచి లేచే రాకెట్ల తోకలో నిప్పులు కక్కే గొట్టం ఆకారం అదే. మీగడ దగ్గర మొదలైన తొందర ఎక్కడిదాకా పోయిందో చూడండి! తొంభైకి పైగా పేటెంట్లు సంపాదించాడు, ముప్పైకి పైగా కంపెనీలు పెట్టాడు. సంపాదించినదంతా కొత్త కొత్త ప్రయోగాల్లో పోసి, 1913లో చనిపోయేనాటికి చేతిలో డబ్బులేని మనిషిగా మిగిలాడు.

ఇంక మందుల సంగతికొద్దాం. నూనె, నెయ్యి, మైనం, కొవ్వు – నీళ్ళలో కలవని ఈ జిడ్డు కుటుంబాన్నంతా కలిపి శాస్త్రజ్ఞులు లిపిడ్లు అంటారు. మందుల తయారీలో వీటి అవసరం చాలా ఉంది. అయితే ప్రకృతిలో ఇవి శుభ్రంగా, విడిగా దొరకవు. నీళ్ళతో, బురదతో, మాంసంతో, బంకతో కలిసి ఉంటాయి. పాలలోంచి మీగడ తీసిన గిన్నె వీటిలోంచి లిపిడ్లని తియ్యలేదా? తీస్తుంది.

ముందు గొర్రె. మెరీనో జాతి గొర్రె ఉన్ని కత్తిరించగానే చూస్తే చేతికి జిడ్డు అంటుకుంటుంది. ఉన్ని బరువులో పదో వంతు, ఒక్కొక్కచోట అంతకంటే ఎక్కువే జిడ్డు ఉంటుంది. వానలో గొర్రె తడిసి ముద్దవకుండా దేవుడిచ్చిన గొడుగది. మన తెలంగాణా గొంగడి నేసే దక్కనీ గొర్రె ఉన్నిలో అంత జిడ్డుండదు. ఈ జిడ్డు ఒంటికి మంచిదని పూర్వం గ్రీకులకి, రోమనులకి కూడా తెలుసు. వాళ్ళ వైద్య గ్రంథాల్లో దీని ప్రస్తావన ఉంది. అందానికి కూడా పూసుకునేవారు, వాసన భరించగలిగితే! తరవాత తరవాత ఆ సంగతి మరుగున పడింది. ఇంగ్లండులో బ్రాడ్‌ఫర్డ్ వంటి ఉన్ని ఊళ్ళలో మిల్లులు ఉన్ని కడిగిన నీళ్ళని కాలవల్లోకి వదిలేవి. జిడ్డు తెట్టెకట్టి ఊరంతా దుర్గంధం.

1882లో జర్మనీలో ఆటో బ్రౌన్, ఆస్కార్ లీబ్రైక్ అనే ఇద్దరు ఈ జిడ్డుని శుభ్రపరిచి పేటెంటు తీసుకున్నారు. లీబ్రైక్ బెర్లిన్‌లో మందుల శాస్త్రం ప్రొఫెసరు. దానికి లానొలిన్ అని పేరుపెట్టారు. లాటిన్‌లో లానా అంటే ఉన్ని. అప్పటిదాకా లేపనాలు చెయ్యడానికి పందికొవ్వు వాడేవారు. అది నాలుగురోజులకే ముక్కిపోయేది. లానొలిన్ ముక్కిపోదు సరికదా, తన బరువుకి రెట్టింపు నీళ్ళని కూడా పీల్చుకుని మెత్తగా ఉంటుంది. అంటే నీళ్ళలో కరిగే మందుని కూడా లేపనంలో కలపొచ్చు. 1911లో హాంబర్గులో బయ్యర్స్‌డార్ఫ్ కంపెనీ ఉన్ని జిడ్డులోంచి తీసిన పదార్థం ఆధారంగానే ఓ తెల్లని క్రీము తయారుచేసి 'మంచులా తెల్లనిది' అని అర్థం వచ్చే లాటిన్ మాటలోంచి నివియా అని పేరుపెట్టింది. ఆ నీలం డబ్బా మనందరికీ తెలిసినదే. బాలింతలకి చనుమొనలు పగిలితే ఇప్పటికీ డాక్టర్లు రాసిచ్చేవాటిలో బాగా శుద్ధిచేసిన లానొలిన్ ఒకటి.

ఉన్ని కడిగిన నీళ్ళు మిల్లులో సెంట్రిఫ్యూజ్‌లోకి పోతే మూడు దారులవుతాయి. మట్టీ మశానమూ అంచుకి కొట్టుకుపోతాయి. నీళ్ళు నడుమ ఉంటాయి. ఇరుసు దగ్గర జిడ్డు, అచ్చం మీగడలాగే. మిల్లువాళ్ళు కూడా దాన్ని 'క్రీమ్' అనే అంటారు. దాన్ని మళ్ళీ వేడినీళ్ళతో కలిపి, మళ్ళీ తిప్పి, నీళ్ళూ మురికీ వదిలిస్తారు. నదిలో పారబోసినది కాస్తా మందుల కొట్టుకి చేరింది. నాకు ఈ కథంతటిలోనూ బాగా నచ్చిన ఘట్టం ఇదే.

ఇంకోమాట చెబితే మడికట్టుకునేవాళ్ళు ఉలిక్కిపడతారేమో. ఈ మధ్య ఎవరికి మోకాళ్ళ నొప్పులన్నా డాక్టరు విటమిన్ డి పరీక్ష చేయించి, వారానికొక పొట్లం పాలలో కలుపుకోమంటున్నాడు గదా, అరవైవేల యూనిట్లది. అందులో ఉండే డి3 విటమిను ఎక్కువభాగం ఈ ఉన్ని జిడ్డులోంచి తీసిన కొలెస్టరాల్‌తోనే తయారవుతుంది. ఆ కొలెస్టరాల్‌ని కొద్దిగా మార్చి, దానిమీద అతినీలలోహిత కాంతి పడేస్తే డి3 అవుతుంది. మన చర్మంలో ఎండ చేసే పనే అది. కొలెస్టరాల్‌కీ విటమిన్లకీ ఉన్న ఈ చుట్టరికం తేల్చిన ఆడాల్ఫ్ విండౌస్‌కి 1928లో నోబెల్ బహుమతి ఇచ్చారు. మా వదిన ఈ సంగతి విని "అయితే గొర్రెని చంపరు గదా, జుట్టే గదా కత్తిరించేది" అని సమాధానపడి పొట్లం విప్పుకుంది. ఎండలో పది నిమిషాలు నించోమంటే మాత్రం నించోదు.

చేపనూనె సంగతి క్లుప్తంగా చెబుతాను, తలుచుకుంటేనే వాసనొస్తుంది. పూర్వం నార్వేలో కాడ్ చేపల కార్జాలని పీపాల్లో కుళ్ళబెడితే పైకి తేలే నల్లని నూనెని పిల్లలకి పట్టేవారు. 1850లలో పీటర్ మొల్లర్ అనే మందులాయన తాజా కార్జాలని ఆవిరితో ఉడికించి తేటనూనె తీశాడు. తరవాత సెంట్రిఫ్యూజ్ వచ్చి చేరింది. ఉడికిన కార్జం ముక్కలనీ నీళ్ళనీ నూనెనీ అప్పటికప్పుడు విడదియ్యడంతో నూనె గాలి తగిలి చెడిపోయే వ్యవధి తగ్గింది. రెండో ప్రపంచయుద్ధంలో నార్వే నూనె రావడం ఆగిపోతే మన మద్రాసు రాజధానిలో సొరచేప కార్జాలనుంచి నూనె తీయించారు. మన కోస్తా జిల్లాలన్నీ అప్పుడు ఆ రాజధానిలోవే. ఇవాళ గుండెకి మంచిదని మింగే ఒమేగా-3 గొట్టాల్లో నూనె కూడా సెంట్రిఫ్యూజ్ దాటి వచ్చినదే.

ఇప్పుడు అన్నిటికంటే గడ్డు సమస్య. నోటితో ఏమీ తినలేని రోగి ఉన్నాడు. పేగు తీసేసినవాడు కావచ్చు, నెలలు నిండకుండా పుట్టిన పసికందు కావచ్చు. నరంలో గ్లూకోజు ఎక్కిస్తారు. కానీ గ్రాము చక్కెరలో నాలుగు కాలరీలే ఉంటాయి. కొవ్వులో తొమ్మిది. చక్కెర ఒక్కదానితో మనిషిని నిలబెట్టాలంటే చిక్కని పాకం ఎక్కించాలి, దాన్ని చేతి నరం ఓర్చుకోదు. పోనీ కొవ్వే ఎక్కిద్దామంటే నూనె రక్తంలో కలవదే! 1678లో విలియం కోర్టెన్ అనే ఆంగ్లేయుడు ఓ కుక్క నరంలోకి ఆలివ్ నూనె ఎక్కించి చూశాడు. నూనె బొట్లు ఊపిరితిత్తుల్లో అడ్డుపడి పాపం ఆ కుక్క చచ్చిపోయింది. అమెరికాలో 1950ల చివర్లో పత్తిగింజల నూనెతో ఒక మందు వచ్చింది గానీ జ్వరాలూ కామెర్లూ రావడంతో కొన్నేళ్ళకే వెనక్కి తీసుకున్నారు. కొవ్వు జోలికి పోకూడదని అక్కడి డాక్టర్లు భయపడిపోయారు. 1968లో ఫిలడెల్ఫియాలో స్టాన్లీ డడ్రిక్ బృందం, గుండె దగ్గరి పెద్ద నరంలోకి గొట్టం పోనిచ్చి చిక్కని చక్కెర ద్రావణంతో ఒక పసిబిడ్డని పెంచి చూపించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది ఈ పరిస్థితిలోనే.

స్వీడన్‌లో మాత్రం ఆర్విడ్ వ్రెట్లిండ్ కొవ్వుని వదల్లేదు. రకరకాల నూనెలూ, వాటిని నీళ్ళలో నిలబెట్టే రకరకాల పదార్థాలూ కలిపి ఎన్నో ఏళ్ళు పరీక్షించాడు. చివరికి సోయా నూనె, కోడిగుడ్డు సొనలోని లెసిథిన్ – ఈ రెండిటి జోడీ కుదిరింది. లెసిథిన్ అంటే నూనెనీ నీటినీ రెండు చేతులా పట్టుకునే మధ్యవర్తి. గుడ్డుసొన వేసి నూనెని గిలక్కొడితే మయొనైజ్ విడిపోకుండా నిలబడేది దానివల్లే. గోబ్లే అనే ఫ్రెంచి ఫార్మసిస్టు పందొమ్మిదో శతాబ్దం మధ్యలోనే గుడ్డులోంచి దాన్ని తీసి, గ్రీకులో గుడ్డుసొన అనే మాటతోనే పేరుపెట్టాడు. వ్రెట్లిండ్ మందు ఇంట్రాలిపిడ్‌కి 1962లో స్వీడన్‌లో అనుమతి వచ్చింది. అమెరికా ఒప్పుకునేసరికి 1975 అయింది. ఆ పదమూడేళ్ళలో చక్కెర పాకంతోనే నెట్టుకొచ్చిన అమెరికా ఆస్పత్రుల్ని తలుచుకుంటే, ఒక చెడ్డ మందు మిగిల్చిన భయం ఎంత దూరం పోతుందో తెలుస్తుంది.

సోయా నూనె మిల్లులోంచి వచ్చినది వచ్చినట్టు నరంలోకి పోదు. అందులో బంక ఉంటుంది. కొంచెం నీళ్ళు కలిపితే ఆ బంక ఉబ్బి నూనెని వదిలిపెడుతుంది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే బంక ఒకవైపు, నూనె ఇంకోవైపు. తరవాత క్షారం కలిపితే నూనెలో చెడు ఆమ్లాలు సబ్బుగా మారతాయి. మళ్ళీ తిప్పి ఆ సబ్బునీ తీసేస్తారు. ఇంకా చాలా శుద్ధులున్నాయి లెండి. ఆ బంక కూడా వృథా కాదు. దాన్ని ఆరబెడితే సోయా లెసిథిన్. చాకొలెట్లలోనూ, మందు గొట్టాల్లోనూ కలిసేది అదే. 1920లలో హాంబర్గులో మొదలైన విద్య ఇది.

ఇక్కడ కథ అడ్డం తిరుగుతుంది. విడదియ్యడానికి ఇంత పాటుపడ్డారా, ఆ శుద్ధమైన నూనెని ఇప్పుడు మళ్ళీ నీళ్ళతో కలుపుతారు. లెసిథిన్ చేర్చి, విపరీతమైన ఒత్తిడితో సన్నని సందులోంచి తోస్తారు. నూనె బొట్టు పాలలోని కొవ్వుబొట్టుకి ఇంచుమించు పదో వంతు సైజుకి చితికిపోతుంది. స్టోక్స్ లెక్క ఇప్పుడు తలకిందులుగా పనికొస్తుంది. బొట్టు ఎంత చిన్నదైతే అంత నిదానంగా తేలుతుంది గదా, అంత సన్నబొట్టు నెలల తరబడి తేలకుండా ఉండిపోతుంది. మీగడ తేలకూడని పాలన్నమాట! రక్తంలోకి వెళ్ళాక, మనం నెయ్యన్నం తిన్న తరవాత పేగునుంచి రక్తంలో కలిసే కొవ్వుబొట్లలాగే ఇవీ ఒంటికి పడతాయి.

ఈ తెల్లని పాలమందు ఇంకోచోట కూడా కనిపిస్తుంది. 1973లో ఇంగ్లండులో ఐ.సి.ఐ. కంపెనీలో జాన్ గ్లెన్ – చదువుకి ఆయన పశువైద్యుడు – ప్రొపొఫాల్ అనే మత్తుమందు గుణం గుర్తించాడు. అది నీళ్ళలో కరగదు. మొదట వేరే ద్రావకంలో కలిపి ఇస్తే కొందరికి ఒళ్ళు దద్దుర్లెక్కి ప్రాణంమీదికొచ్చింది. ఆ మందు మూలపడవలసిందే. చివరికి సోయా నూనె, గుడ్డు లెసిథిన్ ఎమల్షన్‌లో కలిపి 1986లో బయటికి తెచ్చారు. ఇవాళ ఆపరేషన్‌కి మత్తిచ్చేటప్పుడు సిరంజిలో పాలలాగా తెల్లగా ఉండేది అదే. బల్లమీద పడుకున్నవాళ్ళకి చివరగా గుర్తుండేది తరచు ఆ తెలుపే.

ఇలాంటి కొవ్వు సంచీని తగిలించబోయే ముందు నర్సు దాన్ని వెలుతురుకి పట్టి చూస్తుంది. అంతటా ఒకే తెలుపు ఉండాలి. పైన పసుపుపచ్చని చార గానీ, నూనె చుక్కలు గానీ కనిపిస్తే ఎమల్షన్ విరిగిందన్నమాట. పాలు విరిగాయని మనమన్నట్టే వాళ్ళూ అంటారు. పెద్ద బొట్లు ఊపిరితిత్తుల్లో అడ్డుపడతాయి, ఆనాటి కుక్కకి పడ్డట్టే. అందుకని ఆ సంచీ ఎంత ఖరీదైనా సరే, పక్కన పడేసి ఇంకోటి తెప్పిస్తుంది.